ఐసు కరిగే లెక్క

మా బళ్లో పదో తరగతి పిల్లలు ఏటా ఒకే చోట తప్పు చేస్తారు. మైనస్ పది డిగ్రీల దగ్గరున్న మంచుని ఎనిమిది డిగ్రీల నీళ్లుగా మార్చడానికి ఎంత ఉష్ణం కావాలో కట్టమంటే, మొదటి మెట్టు చక్కగా వేస్తారు, మైనస్ పది నుంచి సున్నాకి. చివరి మెట్టూ వేస్తారు, సున్నా నుంచి ఎనిమిదికి. మధ్యలో మంచు సున్నా దగ్గరే ఉండి నీళ్లయ్యే మెట్టుని మాత్రం గాలికొదిలేస్తారు. ఎందుకు వదిలేశారర్రా అంటే, "సున్నా నుంచి సున్నాకేగా టీచర్, ఏం మార్లేదు కదండి" అంటారు. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే.

ఏం మారలేదట. ఒక గ్రాము మంచు ఒక డిగ్రీ వేడెక్కడానికి అర కెలోరీ చాలు. అదే గ్రాము, డిగ్రీలో పిసరంత కూడా పెరగకుండా, ఉన్నచోటే ఉండి నీరవడానికి ఎనభై కెలోరీలు మింగుతుంది. వేడి లోపలికి పోతూనే ఉంటుంది, థర్మామీటరు ఉలకదు పలకదు. మన పుస్తకాల్లో దానికి గుప్తోష్ణం అని పేరు పెట్టారు. అంత అందమైన పేరున్న మెట్టుని ఎలా మర్చిపోతారో నాకు అర్థం కాదు. చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది గానీ వాళ్ల చెవి మాత్రం అరగలేదు.

ఆ లెక్కని ఒకే ఒక్కసారి నా కోసం నేను కట్టుకోవాల్సి వచ్చింది. అది వరదల ఏడు.

రాజోలు దగ్గర వశిష్ఠ పాయలో ఉంటుంది మా లంక. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఒకటే దారి, కాజ్‌వే. గోదారి పెరిగితే ముందు మునిగేది అదే. ఆ ఏడు వరద వచ్చినప్పుడు మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. వానంతా ఎక్కడో పైన కురిసి, నీళ్లు మాత్రం మా దగ్గరికి వచ్చాయి. ఆకాశం నీలంగా, ఎండ పెళపెళలాడుతూ, గాలి ఆకు కదపకుండా ఉంటే, కింద ఎర్రటి నీళ్లు చప్పుడు లేకుండా వీధుల్లోకి నడిచి వచ్చేశాయి. పొద్దున్న లేచి చూసేసరికి మా కింది వాటాలో చీలమండ లోతు నీళ్లున్నాయి. మేడమెట్లు కింది మెట్టు దగ్గర నీళ్లలోకి మాయమైపోతున్నాయి.

అప్పటికే మేం పైకి చేరాం. నేను, ఐదో తరగతి చదివే మా పాప, మా అత్తయ్యగారు. మా వారు ఉద్యోగం మీద రాజోలు వైపు ఉండిపోయారు. ముందు రోజు సాయంత్రం ఇంటికి బయల్దేరేసరికి కాజ్‌వే మీద నడుం లోతు నీళ్లట. కరెంటు కూడా ఆ సాయంత్రమే పోయింది.

కరెంటు పోతే మా ఊళ్లో ఎవరూ పెద్దగా బాధపడరు. వరద రోజుల్లో దాన్ని చుట్టంలా మర్యాదగా సాగనంపుతారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పాపకి ఏడో ఏట నుంచీ షుగరు. పూటపూటా అన్నానికి ముందు వేలు గుచ్చి చూడాలి, ఆ అంకెని బట్టీ తినబోయే అన్నాన్ని బట్టీ ఇన్సులిన్ ఇవ్వాలి. మూడు నెలలకి సరిపడా సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాడుతున్న సీసా బయట ఉన్నా ఫర్వాలేదు గానీ అది అడుక్కి వచ్చేసింది. తెరవని సీసాలు రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉండాలని పెట్టె మీద రాసి ఉంటుంది. గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే. అన్నిటికంటే దారుణం ఏంటంటే, పాడైన మందు పాడైనట్టు కనిపించదు. అచ్చం మంచి మందులాగే తేటగా, నీళ్లలా ఉంటుంది. పిల్ల ఒంట్లోకి పోయాక గానీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే పాలపేకెట్లు తెచ్చే ఇంజిన్ పడవలో మా వారు ఐసు పంపారు. అంతర్వేది చేపల పడవలకి ఐసు వేసే ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన దిమ్మ, ఇరవై కేజీలు. చేపలు పెట్టుకునే పెద్ద థర్మోకోల్ పెట్టెలో పెట్టి, గోనెసంచి చుట్టి, తాళ్లతో కట్టి పంపారు. పెట్టె మూత తియ్యగానే చేపల వాసన గుప్పున కొట్టింది. "అమ్మా, ఇంక నా మందు కూడా చేపల కంపు కొడుద్దా?" అంది పాప ముక్కు మూసుకుని. "కొడితే పిల్లులు నీ వెనకాలే తిరుగుతాయి" అన్నాను. పాప పకపకా నవ్వింది.

వెంటనే సీసాలు పెట్టలేదు. ఫ్యాక్టరీలోంచి అప్పుడే తీసిన ఐసు సున్నా కంటే చాలా కింద ఉంటుంది. దాని పక్కన పెడితే మందు గడ్డకట్టి ఊరుకుంటుంది. పెట్టె చుట్టూ మొక్కల కుండీల కోసం తెచ్చిన కొబ్బరి పొట్టు బస్తాలు పేర్చి, బళ్లోంచి తెచ్చుకున్న థర్మామీటరు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. దిమ్మ మీద మొదట తెల్లగా బూజులాంటి పొర ఉంది. మెల్లగా ఆ పొర పోయి, దిమ్మ ఒంటికి నీరు పట్టి, లోపల ఎక్కడో చిక్కుకున్న గాలిబుడగలు కనిపించాయి. చూస్తూ ఉంటే నిద్దరొచ్చేలా ఉంది. కింద గోడకి నీళ్లు తగులుతున్న చిన్న చప్పుడు తప్ప ఊళ్లో ఏ చప్పుడూ లేదు. మోటార్లు లేవు, మిక్సీలు లేవు, మైకులు లేవు. నీళ్ల మీద పడిన ఎండ మా మేడ సీలింగు మీదికి ఎక్కి అలలుఅలలుగా ఊగుతోంది. పాప మంచం మీద వెల్లకిలా పడుకుని ఆ వెలుగుని వేలితో తరుముతోంది. ఏదో పాత జన్మలో ఈ ఇల్లు నది అడుగున ఉండేదేమో అనిపించింది నాకు.

ఐసు బాగా చెమర్చాక సీసాల్ని తువ్వాల్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, పెట్టెలో ఒక మూల ఉంచాను. ఒక గంటలో ఎంత కరుగుతోందో కింద చేరిన నీళ్లని కొలిస్తే పావు లీటరు తేలింది. అంటే గంటకి ఇరవై వేల కెలోరీల వేడి పెట్టె గోడల్లోంచి లోపలికి దొంగలా దూరుతోందన్నమాట. వరండాలో ట్యూషన్ పిల్లల కోసం పెట్టిన బోర్డు మీద లెక్క మొదలుపెట్టాను.

ఫ్యాక్టరీలో మైనస్ పది ఉంటుందని వేసుకున్నాను. మొదటి మెట్టు, మైనస్ పది నుంచి సున్నాకి, లక్ష కెలోరీలు. రెండో మెట్టు, సున్నా దగ్గరే కరగడానికి, పదహారు లక్షలు. మూడో మెట్టు, కరిగిన నీళ్లు పారబొయ్యకుండా పెట్టెలోనే ఉంచితే, సున్నా నుంచి ఎనిమిదికి, లక్షా అరవై వేలు. అన్నీ కలిపి గంటకి ఇరవై వేల చొప్పున భాగిస్తే తొంభై మూడు గంటలు. నాలుగు రోజులకి మూడు గంటలు తక్కువ. ఈలోగా కరెంటు వస్తుంది, లేదా ఇంకో దిమ్మ వస్తుంది. సుద్దముక్క కింద పెట్టి ఊపిరి పీల్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్న లెక్క మొదటిసారి నాకు అన్నం పెట్టినట్టనిపించింది.

నేను లెక్కలో వెయ్యనిది మా అత్తయ్యగారిని.

మా అత్తయ్యగారు చిన్నపిల్లలకి అఆలు చెప్పి రిటైరైన మనిషి. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, బొట్టులేని నుదురు మీద తడి చెయ్యి రాసుకుని, ఆ తర్వాత రోజంతా ఎవరికేం పెడదామా అని చూస్తూ ఉంటారు. ఆవిడ ఇంటికి వచ్చిన మనిషి ఉత్త నోటితో వెళ్లడం జరగదు. అప్పులవాడు వచ్చినా ఫలహారం పెట్టి పంపుతారని మా వారు ఆటపట్టిస్తారు. ఇప్పుడు పల్లపు వీధి వాళ్లంతా ఇళ్లలో నీళ్లొచ్చి మెరకనున్న మేడల మీదికి చేరుతున్నారు. కొందరు మా మేడ మీదే ఉన్నారు, కొందరు పడవలో వచ్చి పలకరించి పోతున్నారు. వరద వస్తే మావాళ్లకి పలకరింపులు ఇంకా ఎక్కువవుతాయి. "మీకెంత వరకూ వచ్చేయండి నీళ్ళు?" "మూడో మెట్టండి. మీకో?" "ఆయ్, మాకు కిటికీ దాకానండి." ఇళ్లు మునిగినవాళ్లు కూడా నవ్వుతూనే చెబుతారు ఆ మాట.

రెండో రోజు సాయంత్రం పెట్టె మూత తీసి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. లెక్క ప్రకారం పద్నాలుగు కేజీలు ఉండాలి. తూస్తే ఆరు. కరిగిన నీళ్లు కూడా చెంబెడు లేవు. దిమ్మ మీద పచ్చడిబండతో కొట్టిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఐసు ఏమైందండీ?" అన్నాను.

"ఏవవుద్దమ్మా. వచ్చినోళ్ళకి నిమ్మకాయ షర్బత్తులో వేసి ఇచ్చేను. అంత ఎండలో పడవెక్కి వచ్చేరు. ఊరంతటికీ చల్లటి నీళ్ళంటే మనింట్లోనే ఉన్నాయంట."

"అది పాప మందు కోసమండీ."

"తెలుసమ్మా. సీసాల డబ్బా ముట్టుకోలేదు. ఐసు ఎలాగూ కరిగిపోయేదే కదా. నేలపాలయ్యేది నలుగురి నోట్లోకి వెళ్ళింది."

అందులో ఆవిడకి ఏ తప్పూ కనిపించలేదు. రెండో మెట్టులో సగమూ, మూడో మెట్టు మొత్తమూ ఊరి జనం నిమ్మరసంతో కలిపి తాగేశారు. నాకు కోపం వస్తే అరవను. అంతకంటే చెడ్డ పని చేస్తాను, పాఠం చెబుతాను. ఆవిడని బోర్డు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తరగతిలో చెప్పినట్టే ఒక్కొక్క మెట్టూ చదివి వినిపించాను. ఆరు వేల గ్రాములు, ఎనభైతో గుణిస్తే నాలుగు లక్షల ఎనభై వేలు, ఇరవై వేలతో భాగిస్తే ఇరవై నాలుగు గంటలు.

"ఒక్క రోజండీ. రేపు ఈపాటికి ఐసుండదు. ఆ తర్వాత మందు పాడైనా మనకి తెలీదు. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. పొడుస్తాం, పని చెయ్యదు. వాడే సీసా అడుక్కొచ్చేసింది. దాంతో ఎన్నాళ్ళు లాగుతామండీ?"

మా అత్తయ్యగారు బోర్డు వంక చూస్తూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు. వరండా చివర పాప మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుని వింటోంది. పాప ఉందని నాకు తెలుసు. చిన్నపిల్ల, లెక్కలు దానికేం అర్థమవుతాయిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దుటి నుంచీ మా అత్తయ్యగారు పెట్టె పక్కన కుర్చీ వేసుకుని బైబిలు చదువుకుంటూ కాపలా కూర్చున్నారు. ఎవరైనా వస్తే లేచి, "ఏవనుకోకండి, ఇవేళ చల్లగా ఉండదు" అని క్షమాపణ చెప్పుకుని మామూలు నీళ్లతోనే షర్బత్ కలిపి ఇచ్చారు. ఇవ్వకుండా మాత్రం ఉండలేదు. మా వారికి ఫోన్ చేద్దామంటే చార్జింగు అయిపోయింది. పాలపడవ వాళ్లతో కబురు పంపాను. ఐసు ఫ్యాక్టరీకి కూడా కరెంటు లేదని తిరుగు కబురొచ్చింది.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. పాప అన్నం కంచం పట్టుకుని మేడమెట్ల మీదికి వెళ్లింది. నీళ్లు ఆగిన మెట్టుకి పైమెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టింది. కొబ్బరిచెట్లు నడుముల్లోతు నీళ్లలో నిలబడి తమ నీడల్ని తామే చూసుకుంటున్నాయి. ఎవరో పడవ మీద చెట్ల మధ్య నుంచి తెడ్డు వేసుకుంటూ పోతున్నారు, తెడ్డు చప్పుడు వాళ్లు కనుమరుగయ్యాక కూడా వినిపిస్తోంది. పాప కాళ్ల దగ్గరికి చిన్నచిన్న చేపలు గుంపుగా వచ్చాయి. దాని వెనక నుంచి చూస్తున్న నాకు ఆ చిన్న వీపు, జారిపోయిన రిబ్బను, నీళ్ల మీద వెండిచుక్కల్లా చేపలూ మాత్రమే కనిపించాయి. వరదలో కూడా ఇంత అందం ఉంటుందా అనుకుని, చాలాసేపు పిలవకుండా నిలబడ్డాను. తర్వాత అది ఖాళీ కంచం తెచ్చి కడిగి బోర్లించింది.

సాయంత్రం వేలు గుచ్చి చూస్తే అంకె తక్కువ వచ్చింది. మందు కొంచెం తగ్గించి ఇచ్చాను. మర్నాడు పొద్దున్న ఇంకా తక్కువ. నాకు సంతోషం ఆగలేదు. అంకె తగ్గుతోందంటే మందు బాగా పనిచేస్తోందనే కదా అర్థం. ఐసు అప్పటికే పూర్తిగా కరిగిపోయింది, పెట్టెలో నీళ్లు పన్నెండు డిగ్రీల దాకా వచ్చాయి. పాత సీసా కూడా ఆ పొద్దుటితో అయిపోయి, మధ్యాహ్నం పెట్టెలోని సీసా ఒకటి తెరిచాను. భయపడుతూనే సూది గుచ్చాను. పాప ఎప్పటిలాగే కంచం పట్టుకుని మెట్ల మీదికి వెళ్లిపోయింది.

పొద్దు కొంచెం వాలాక పాప మెట్ల మీదే నా పక్కన కూర్చుంది. నెమ్మదిగా, "అమ్మా, కొబ్బరిచెట్లన్నీ బయల్దేరి సముద్రం వైపు వెళ్ళిపోతున్నాయి" అంది.

నీళ్లు కదులుతుంటే చెట్లే నడుస్తున్నట్టు నాకూ అనిపిస్తూనే ఉంది. "మన మేడే పడవైపోయిందేమో, మనమే వెళ్తున్నామేమో" అన్నాను. ఇలాంటి మాటలు మాకు అలవాటే. పాప నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. చెట్ల వంక కూడా కాదు, ఎటో చూస్తోంది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. అంత ఎండలో, అంత ఉక్కలో, ఒళ్లంతా చల్లటి చెమట.

ఎత్తుకుని పైకి పరిగెత్తాను. వేలు గుచ్చితే అంకె యాభైకి దిగువన ఉంది. ఒంట్లో చక్కెర అడుగంటిపోయింది. అప్పుడే పడవ దిగి వచ్చిన ఒక పెద్దాయనకి మా అత్తయ్యగారు షర్బత్ గ్లాసు అందించారు. ఆయన ఇంకా పెదాలకి ఆనించలేదు. నేను ఆ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఆ ఇంట్లో అతిథి చేతిలోది లాక్కోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"పర్లేదండి, ముందు పాపకి పట్టండి" అన్నాడాయన. "నాకేం దాహంగా లేదండి."

గుక్కగుక్కగా తాగించాను. మా అత్తయ్యగారు పంచదార వేలికి అద్ది చిగుళ్లకి రాశారు. పాప తల ఒళ్లో పెట్టుకుని నిమిషాలు లెక్కపెట్టలేదు, ఏమీ లెక్కపెట్టలేదు. భయపడ్డాను, అంతే. దేవుడా, దేవుడా అనుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి చెమట ఆగింది. బుగ్గల్లోకి కాస్త రంగొచ్చింది. "ఈ తాతగారెవరమ్మా?" అని అడిగింది. పెద్దాయన కళ్లు తుడుచుకోవడం చూసి నాకూ ఏడుపొచ్చేసింది.

"అన్నం తిన్నాది కదమ్మా, ఎందుకిలా పడిపోయింది?" అన్నారు మా అత్తయ్యగారు. "కంచంలో మెతుకు కూడా మిగల్లేదు, నేను చూసేను." నాకూ అంతు చిక్కలేదు. మందు పాడవలేదు సరే, బలం ఎక్కువైందా? అలా జరగదని తెలిసీ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రం మందు ఇవ్వాలంటే చెయ్యి రాలేదు. బాగా తగ్గించి ఇచ్చి, పాలు తాగించి, పక్కనే పడుకోబెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న వైద్య శిబిరం పడవ వచ్చింది. అందులో వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, పాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. నేను పెట్టె ముందు కూర్చోబెట్టి నా లెక్కంతా ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, థర్మామీటరు చూసి, సీసాలు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఈ మాత్రం దానికి ఏం కాదండి. గడ్డకట్టలేదు, ఎండలో ఉడకలేదు. పెట్టె మీద రాసిందంతా నెలలకి నెలలు దాచుకోవడం కోసమండి. నాలుగు రోజులు చల్లటి నీళ్ళలో ఉంటే మందు చచ్చిపోదు. కరెంటొచ్చేక మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టుకోండి" అంది. ఎందుకైనా మంచిదని తన పెట్టెలోంచి ఒక కొత్త సీసా కూడా తీసి ఇచ్చింది. చక్కెర పడిపోయిన సంగతి చెబితే, "సరిగ్గా తినలేదేమోనండి" అంది. "శుభ్రంగా తిన్నాదండి" అన్నారు మా అత్తయ్యగారు. డాక్టరమ్మ తల పంకించి, మందు కొద్దిగా తగ్గించమని చెప్పి, షర్బత్ తాగి వెళ్లింది.

నాకు ఒళ్లు దూదిలా తేలికైపోయింది. కింద నీళ్లు ఒక మెట్టు దిగాయి, దిగిన చోట ఎర్రటి బురద మెరుస్తోంది. పాప వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చుని చెప్పాను.

"నీ మందుకేం కాలేదంటమ్మా. అన్ని సీసాలూ బాగానే ఉన్నాయంట. కొత్తది ఇంకోటి కూడా ఇచ్చేరు."

పాప నా మొహంలోకి చూసింది, నేను నిజంగా అంటున్నానా అన్నట్టు. "అయితే ఇవేళ అన్నం మొత్తం తినొచ్చా అమ్మా?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. "రోజూ తింటున్నావు కదే" అన్నాను.

"సగం చేపలకేసేసేదాన్ని" అంది తప్పు చేసినట్టు. "తక్కువ తింటే షుగరు తక్కువొస్తుంది కదా. తక్కువొస్తే నువ్వు మందు తక్కువిస్తావు. అప్పుడు సీసా చాలా రోజులొస్తుంది. ఐసు కరిగిపోయినా పర్లేదు. నిన్న మట్టుకి మొత్తం వేసేసేను."

మా అత్తయ్యగారు పెట్టె పక్కన కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించారు. బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. నేను పాపని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. ఆకలేస్తోందా అని అడిగాను.

"చాలా" అంది.